ఐదో తరగతి అయిపోయింది, ఇప్పుడు ఏ బడి? ఉట్నూరు బడుల ఎనభై ఏళ్ల కథ

ఈసారి పోస్టు పెద్దగానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి, మధ్యలో వదిలేయకండి.

ఎండాకాలం వచ్చిందంటే గ్రూపులో ఒకటే ప్రశ్న. "అన్నా, తమ్ముడిది ఐదు అయిపోయింది. గురుకులం మంచిదా, ఆశ్రమ పాఠశాల మంచిదా? ఏకలవ్యకి పరీక్ష రాయించాల్నా? లేకుంటే ఉట్నూరులో రూం తీసుకుని సర్కారు హైస్కూల్లో వేయాల్నా?" కింద వచ్చే జవాబులు కూడా ఏటా అవే. ఫలానా బడిలో పది అందరూ పాస్. ఫలానా దాంట్లో అన్నం బాగుండదు. ఫలానా చోట ఇంగ్లీషు గట్టిగా చెప్తారు. అవన్నీ అవసరమైన మాటలే, మేము కాదనం. కాకపోతే ఆ మాటలు ఏ బడి ఎట్ల ఉందో చెప్తాయి గానీ ఎందుకట్ల ఉందో చెప్పవు. ఉట్నూరు చుట్టూ ఉన్న ఒక్కో రకం బడి ఒక్కో కాలంలో, మన గురించి ఒక్కో ఆలోచనతో పుట్టింది. ఆ పుట్టుక తెలియకుండా పోల్చుకుంటే, పాస్ పర్సంటేజీలు పక్కపక్కన పెట్టుకోవడమే అవుతుంది.

మేము ఈ పోస్టు కలిసి రాస్తున్నవాళ్లం వేరువేరు బడుల్లో చదివాం. ఒకరు ఆశ్రమం, ఒకరు గురుకులం, ఒకరు కస్తూర్బా, ఒకరు ఊరి జిల్లా పరిషత్ బడి. చాలా రోజులు మాట్లాడుకున్నాక మాకు అర్థమైంది ఏంటంటే, ఏ బడినైనా రెండు విషయాలతో కొలవాలి. పిల్లవాడి ఇంటికీ బడికీ ఎంత దూరం? పాఠం చెప్పే మనిషికి ఆ పిల్లవాడి మాట తెలుసా? ఈ రెండూ పట్టుకుని వెనక్కి పోదాం.

ఉట్నూరు నుంచి జైనూరు దారిలో పోతే మార్లవాయి వస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను కాల్చి చంపిన తర్వాత నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది. ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారు? అది తేల్చమని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయనది ఆస్ట్రియా. చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండడంతో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటి పోనివ్వలేదు. ఒకరకంగా మనకు ఆయన దొరికింది యుద్ధం పుణ్యమా అని. ఆయన, భార్య బెట్టీ ఇద్దరూ మార్లవాయిలోనే కాపురం పెట్టారు. భూములు చేయి జారిపోవడం, ఫారెస్టోళ్ల జులుం, షావుకార్ల లెక్కలు, ఇవన్నీ దగ్గరి నుంచి చూశారు. చదువు రానందువల్ల కాగితం మీద ఏముందో తెలియక మనవాళ్లు మోసపోతున్నారని కూడా చూశారు.

అట్ల 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. మొదటి చిక్కు, బడి పెడదామంటే చెప్పడానికి చదువుకున్న గోండు మనిషి లేడు. అప్పట్లో సర్కారు పని ఉర్దూలో నడిచేది, మన వైపు సంతల్లో, బడుల్లో మరాఠీ ఉండేది. అందుకని ఏదో కొంచెం మరాఠీ చదవడం వచ్చిన కొద్దిమంది గోండులను వెతికి పట్టుకుని, వాళ్లకు మార్లవాయిలో ట్రైనింగ్ ఇచ్చి, టీచర్లుగా గూడేలకు పంపారు. వాచకాలు గోండి భాషలో తయారైనాయి, అక్షరాలు మాత్రం మరాఠీ రాసే నాగరి లిపి. గోండీ నేర్చుకుని మన మధ్య పని చేసిన అధికారుల్లో సేతుమాధవరావు పగడి పేరు కూడా మరిచిపోకూడదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన ప్రాంతంలో సర్కారు మన పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టిన మొట్టమొదటి బడుల్లో పిల్లవాడు ఇల్లు వదల్లేదు. పంతులు గోండు. పుస్తకం గోండి. మేము పైన చెప్పిన రెండు కొలతల్లోనూ ఆ బడికి నిండు మార్కులు పడతాయి. అయితే అది చిన్న బడి. అక్షరాలు, కూడికలు, తీసివేతలు, రసీదు చదివేంత చదువు. ఆ తర్వాత ఏంది అనే ప్రశ్నకు మార్లవాయిలో జవాబు లేదు. పెద్ద చదువు కావాలంటే పట్నం పోవాలి, వేరే భాషలోకి పోవాలి. ఆరో తరగతి దగ్గర మన పిల్లలకు పడే గండం అప్పుడే పుట్టిందని మా అభిప్రాయం.

నిజానికి ఈ దారి తొక్కింది హైమన్‌డార్ఫ్ ఒక్కరే కాదు. ఆయనకంటే చాలా ముందు, ఇక్కడికి ఎంతో దూరంలో పర్లాకిమిడి కొండల్లో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. బయట జనానికి ఆయన వ్యవహారిక భాషా ఉద్యమం వల్లే తెలుసు. మనకు మాత్రం ఆయన సవర పని ముందు గుర్తు రావాలి. పిల్లవాడికి తెలిసిన మాటలోనే చెప్పాలి అనే పట్టుదల రెండు చోట్లా ఒకటే.

తర్వాత ఏమైంది? 1948లో నిజాం పాలన పోయింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి మరాఠీ వైపు పోయాయి. మిగతాది ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. రాష్ట్రాల గీత గీసినవాళ్లు తెలుగు ఎక్కడ, మరాఠీ ఎక్కడ అని చూశారు. గోండి ఎక్కడ అని ఎవరూ చూడలేదు. ఒకే సగ వాళ్లు, ఒకే పెన్‌ను కొలిచేవాళ్లు, గీతకు అవతల మరాఠీలో, ఇవతల తెలుగులో చదువుకోవడం మొదలుపెట్టారు. గోండి వాచకాల పని ఆగిపోయి, బడిలోకి తెలుగు వచ్చింది. తెలుగు వచ్చిందంటే తెలుగు చెప్పగలిగే సార్లు మైదానం నుంచి వచ్చారన్న మాట. మరాఠీ నేర్చిన మన పాత పంతుళ్ల అవసరం తగ్గిపోయింది.

ఈ భాష గొడవ ఏంటో బయటివాళ్లకు చిన్న ఉదాహరణతో చెప్తాం. గోండిలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు. కొత్తగా బడికొచ్చిన పిల్ల "ఏర్" అని అడిగితే, మన మాట రాని సారుకు ఆ పిల్ల వాగు గురించి ఎందుకు మాట్లాడుతుందో అర్థం కాదు. దాహం తీరడానికే ఇంత తిప్పలుంటే భిన్నాలు, దశాంశాలు ఎట్ల ఎక్కుతాయి?

ఇప్పుడు ఆశ్రమ పాఠశాల. దీని ఆలోచన గుజరాత్ వైపు భిల్లుల మధ్య పని చేసిన ఠక్కర్ బాపా కాలం నుంచి ఉంది. గాంధీ దారిలో చదువు, చేతిపని, కలిసి బతకడం ఒకే చోట. సర్కారు చేతికి వచ్చాక చేతిపని పోయింది, హాస్టల్ మిగిలింది. లెక్క సులభం. చెదిరిపోయి ఉన్న గూడేలకు ఒక్కో దానికీ బడి పెట్టడం కష్టం, కాబట్టి పిల్లల్నే ఒక దగ్గరికి తెద్దాం. 1970ల్లో ఐదో పంచవర్ష ప్రణాళికతో గిరిజన ఉప ప్రణాళిక, ఐటీడీఏలు వచ్చాక ఈ బడులకు డబ్బు, భవనాలు దొరికాయి. ఉట్నూరుకు ఈ రోజు ఉన్న ప్రాముఖ్యత అంతా ఐటీడీఏ ఆఫీసు ఇక్కడ ఉండడం వల్లే. 2016లో పాత జిల్లాను నాలుగు ముక్కలు చేసినా ఐటీడీఏ మాత్రం ఉట్నూరులోనే ఉంది.

ఆశ్రమ పాఠశాలను తిట్టడం చాలా తేలిక. మేమూ తిట్టాం. మాలో ఒకరు చదివిన ఆశ్రమంలో ఏడో తరగతి ఒక్క ఏడాదిలోనే లెక్కల సార్లు ముగ్గురు మారారు, మూడు నెలలు అసలు సారే లేడు. చాలా చోట్ల పాఠాలు చెప్పేది సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. పాఠం చెప్పే సారే హాస్టల్ కూడా చూసుకోవాలి. కూరగాయల లెక్క రాసేది ఆయనే, రాత్రి జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకుపోయేది ఆయనే. అన్నీ నిజమే. కానీ ఒక్కటి గమనించండి. ఆశ్రమ పాఠశాలకు ప్రవేశ పరీక్ష లేదు. కొలాం గూడెం నుంచి అక్షరం ముక్క సరిగ్గా రాని పిల్లవాడు వచ్చినా గేటు దగ్గర ఆపరు. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

గురుకులం పుట్టుక వేరే. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. దాని వెనక ఉన్నది పీవీ నరసింహారావు. పల్లెల్లో తెలివైన పిల్లల్ని ఏరి, మంచి సార్లను పెట్టి, పట్నం పిల్లలతో పోటీకి నిలబెట్టాలని ఆలోచన. ఆ "ఏరడం" అనే మాటలోనే అంతా ఉంది. గిరిజన గురుకులాల సొసైటీ విడిగా ఏర్పడింది 1999లో. తెలంగాణ వచ్చాక గురుకులాల సంఖ్య బాగా పెరిగింది, ఐదో తరగతికే పరీక్ష పెట్టి తీసుకుంటున్నారు, చదువు ఇంగ్లీషులో. మన అన్నలు, అక్కలు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారంటే వాళ్లలో గురుకులం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. దాన్ని తక్కువ చేయం.

అయితే పాస్ పర్సంటేజీ పోల్చేటప్పుడు న్యాయంగా పోల్చాలి కదా. ఒక బడి పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటుంది. ఇంకో బడి వచ్చినవాళ్లందరినీ తీసుకుంటుంది. మొదటి దాంట్లో ఇమడలేక మధ్యలో టీసీ తీసుకున్న పిల్లవాడు ఎక్కడికి పోతాడు? రెండో దానికే. పదో తరగతి రిజల్టు రోజు ఆ పిల్లవాడి ఫెయిలు రెండో బడి లెక్కలో పడుతుంది. ఇట్లాంటప్పుడు ఏ బడి బాగా చెప్తుందో రిజల్టు షీటు చూసి ఎట్ల చెప్తాం? ఆరో తరగతిలో ఏ స్థాయిలో చేరాడు, ఎనిమిది అయ్యేసరికి ఎక్కడికి వచ్చాడు అని చూస్తే తప్ప సార్ల కష్టం తెలియదు. ఆ లెక్క ఎవరూ బోర్డు మీద రాయరు.

ఇంకోటి సెలవులు. దసరాకు బడులకు పొడుగు సెలవులు. దీపావళికి ఒక్క రోజు. మనకేమో దండారి దీపావళికి. గుస్సాడీలు ఊరూరా తిరిగే రోజులవి. దండారికి ఇంటికొచ్చిన పిల్లవాడు ఒక్క రోజులో ఎట్ల తిరిగి పోతాడు? నాలుగు రోజులు ఆలస్యంగా పోతే "వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అంటారు. ఊరి బడిలో చదివిన మా ఫ్రెండ్‌కు ఈ ఇబ్బందే తెలియదు. పొద్దున బడి, సాయంత్రం దండారి. ఇంటికి దూరం అంటే కిలోమీటర్లు ఒక్కటే అనుకోకండి.

ఆడపిల్లల సంగతి వస్తే కస్తూర్బా బడుల గురించి చెప్పాలి. 2004లో కేంద్రం మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల కోసం, ఆరు నుంచి ఎనిమిది వరకు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతావి పేద కుటుంబాల వాళ్లకు. అచ్చంగా మిడిల్ స్కూల్ వయసు కోసమే పుట్టిన బడి మన చుట్టూ ఇదొక్కటే అనొచ్చు. తర్వాత చాలావాటిని పన్నెండు దాకా పెంచారు. పరీక్ష లేదు. టీచర్లందరూ ఆడవాళ్లే, ఎక్కువమంది కాంట్రాక్టు మీదే. మాలో కస్తూర్బాలో చదివిన అక్క ఒక మాట అంటుంది. ఆరో తరగతిలో చేరకపోతే ఆ ఏడే తనకు పెళ్లి మాటలు మొదలయ్యేవట. అందరి చెల్లెళ్లకూ ఇది వర్తించదు గానీ, ఈ బడికి మార్కులు వేసేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

ఏకలవ్య బడులు 1997-98 నుంచి ఉన్నాయి. రాజ్యాంగం 275(1) అధికరణం కింద వచ్చే డబ్బుతో రాష్ట్రాలే నడిపేవి. 2018 బడ్జెట్‌లో కేంద్రం, సగానికి పైగా ఎస్టీ జనాభా, కనీసం 20,000 మంది గిరిజనులు ఉన్న ప్రతి బ్లాకుకూ ఒక ఏకలవ్య పెడతామని ప్రకటించింది. ఆరు నుంచి పన్నెండు, 480 సీట్లు, సగం ఆడపిల్లలకు. ఉట్నూరులో, ఇంద్రవెల్లిలో ఉన్నవి మీకు తెలుసు. భవనాలు, మైదానాలు, ల్యాబులు చూస్తే వీటితో పోటీ పడే సర్కారు బడి మన వైపు తక్కువ. ఇప్పుడు సీబీఎస్ఈ సిలబస్. 2023లో టీచర్ల నియామకం కూడా దేశమంతటికీ కలిపి ఢిల్లీ స్థాయిలో జరిగింది. దాంతో హిందీ రాష్ట్రాల సార్లు, మేడమ్‌లు చాలామంది తెలంగాణ ఏకలవ్యలకు వచ్చారు. మన ఆదిలాబాద్ పిల్లలకు హిందీ మరీ కొత్త కాదు, సంతలో, బస్సులో వింటూనే ఉంటారు. కానీ సంతలో ధర అడిగే హిందీ వేరు, కిరణజన్య సంయోగక్రియ అర్థం చేసుకునే హిందీ వేరు. ఆ సార్లు మంచివాళ్లే కావొచ్చు. వాళ్లకూ తెలుగు రాదు, పిల్లల అమ్మానాయినలతో మాట్లాడాలంటే ఇంకొకరు మధ్యలో ఉండాలి.

ఇప్పుడు అన్నీ వరసగా పెట్టి చూడండి. మార్లవాయిలో గోండి. 1956 తర్వాత తెలుగు. ఇప్పుడు ఇంగ్లీషు, కొన్ని చోట్ల పైనుంచి హిందీ. 2022-23 నుంచి తెలంగాణలో ఊరి సర్కారు బడుల్లో కూడా ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియమే కాబట్టి, మీడియం కోసం ఊరి బడి వదలాల్సిన పని కూడా లేదు. దూరం చూస్తే, మొదట గూడెంలో, తర్వాత మండలంలో, ఇప్పుడు సీటు ఎక్కడొస్తే అక్కడ. బడి భవనం పెద్దదవుతున్న కొద్దీ అందులో మన మాట తెలిసిన మనిషి దొరకడం కష్టమవుతూ వచ్చింది.

మధ్యలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో పుస్తకాలు వేసి బహుభాషా విద్య మొదలుపెట్టారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కానీ పుస్తకాలైనా, లిపి క్లాసులైనా చిన్న తరగతుల దగ్గరే ఆగాయి. ఆరో తరగతిలోకి మన భాష ఇంతవరకు అడుగు పెట్టలేదు. పిల్లవాడు ఇల్లు వదిలే ఏడూ, భాష పూర్తిగా వదిలే ఏడూ ఒకటే కావడం మామూలు దెబ్బ కాదు.

అందుకే టీచరు ఎవరు అనేది ఇంత ముఖ్యం. పుస్తకం ఏ భాషలో ఉన్నా, మన మాట తెలిసిన సారు పక్కన ఉంటే సగం భారం తగ్గుతుంది. 1986లో జీవో 275 వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని. అది ట్రిబ్యునల్‌లో నిలబడలేదు. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. నూటికి నూరు పోస్టులు స్థానిక ఎస్టీలకు, అందులో మూడో వంతు ఆడవాళ్లకు. మీలో చాలామందికి చదువు చెప్పిన సార్లు, మేడమ్‌లు ఆ జీవో వల్ల వచ్చినవాళ్లే. మార్లవాయిలో 1943లో ఏ చిక్కు ఉండెనో, చెప్పడానికి మన మనిషి లేకపోవడం, దానికి యాభై ఏడేళ్ల తర్వాత దొరికిన జవాబు అది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం, ఇకముందు రాష్ట్రాలు పరిమితి దాటకూడదనే షరతుతో కదిలించలేదు. (పోస్టుల్లో గోండు ఎంతమంది, కొలాం ఎంతమంది, లంబాడా ఎంతమంది అనే చర్చ ఇక్కడ పెట్టుకోవద్దు. దానికి వేరే పోస్టు రాస్తాం, అక్కడ కొట్లాడుకుందాం.)

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం, తమ్ముణ్ణి ఎక్కడ వేయాలి? మా మాట ఇది. పిల్లవాడు చదువులో చురుకు, ఇల్లు వదిలి ఉండగలడు అనుకుంటే గురుకులానికో ఏకలవ్యకో రాయించండి, సీటు వస్తే వదలకండి. కానీ బెంగ పెట్టుకునే పిల్లవాడిని పేరు కోసం దూరం పంపకండి. దగ్గరి ఆశ్రమంలో, ఊరి హైస్కూల్లో మన మాట తెలిసిన లెక్కల సారో సైన్సు మేడమో ఉన్నారా అని కనుక్కోండి. ఉంటే, మొదటి మూడేళ్లకు ఆ బడి చాలు. ఎనిమిది తర్వాత మార్చుకోవచ్చు. బడి చూడ్డానికి పోయినప్పుడు బిల్డింగు ఫొటోలు తీసుకోవడం కాదు, ఏడో తరగతిలోకి పోయి పిల్లలతో గోండిలోనో కొలామిలోనో మాట్లాడించండి. భయపడకుండా జవాబు ఇస్తున్నారా చూడండి.

జీవో 3 కింద 2001లో పాతికేళ్ల వయసులో చేరిన సారు, ఇప్పటి 61 ఏళ్ల రూలు ప్రకారం 2037లో రిటైర్ అవుతారు. ఇవాళ ఆరులో చేరే పిల్ల ఇంటర్, డిగ్రీ, బీఎడ్ ముగించేది కూడా ఇంచుమించు అప్పుడే. మీ గూడెంలో మొట్టమొదట పాఠం చెప్పిన మన మనిషి ఎవరు, ఏ భాషలో చెప్పారు, ఎన్నేళ్లు చెప్పారు, పెద్దవాళ్లను అడిగి రాసి పంపండి. మార్లవాయిలో ట్రైనింగ్ తీసుకున్న పంతుళ్ల ఇళ్లలో పాత గోండి వాచకం ఒక్కటి దొరికినా చెప్పండి, మేమే వచ్చి చూసుకుని జాగ్రత్తగా ఫొటోలు తీసుకుంటాం.